చిన్న ఉప్పునీటి రొయ్యల తొట్టి: హైదరాబాద్ ఇంట్లో నిలబడాలంటే

భీమవరం వైపు చెరువులున్న బంధువు ఉంటే చాలు, హైదరాబాద్‌లో గాజు తొట్టి కొన్న మనిషికి మొదట తట్టే ఆలోచన ఒకటే. ఈసారి పండక్కి వెళ్లినప్పుడు ఆ చెరువులోంచి నాలుగు రొయ్య పిల్లల్ని కవర్లో తెచ్చి వేసేస్తే పోలా?

పోదు. ఆ చెరువుల్లో ఇప్పుడు ఎక్కువగా పెరుగుతున్నది వనామీ. అమెరికా ఖండాల పసిఫిక్ తీరం దాని సొంతూరు. మన దేశంలో 2009 నుంచి సాగుకు అనుమతి ఉంది. నాలుగు నెలల్లో 20 గ్రాములు దాటేలా, రోజుకు మూడు నాలుగు మేతలు తినేలా తరాలుగా ఎంపిక చేసిన జీవి అది. చెరువులో దాన్ని బతికించేవి నీటికి గాలి అందిస్తూ రాత్రంతా తిరిగే ఏరేటర్లు, మేత మిగిలిందో లేదో పూటపూటా చెక్ ట్రే ఎత్తి చూసే మనిషి. 20 లీటర్ల తొట్టిలో అది వదిలే మలినాన్ని ఏ చిన్న ఫిల్టరూ అందుకోలేదు. పైగా నీళ్లలోంచి గెంతుతుంది. గుల్ల విడిచి మెత్తగా ఉన్న తోటి రొయ్యను కొరుక్కు తింటుంది. రొయ్యల్ని చంపే తెల్లమచ్చల వైరస్‌ను వెంట తెచ్చే ప్రమాదం ఎలాగూ ఉంది. టైగర్ రొయ్య దీనికంటే పెద్దది కాబట్టి దాని సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

తొట్టి కొలత, ఉప్పు మోతాదు, లైటు, ఫిల్టరు అన్నీ తర్వాతి ప్రశ్నలే. ఏ రొయ్య అన్నది ముందు తేలాలి. అది తేలాక హైదరాబాద్‌లో అసలు సమస్య ఉప్పు కలపడం దగ్గర రాదు. కలిపిన ఉప్పును వేసవిలో ఒకే మోతాదులో నిలబెట్టడం దగ్గర వస్తుంది.

ఏ రొయ్యకు ఎంత ఉప్పు

చెరువు రైతులు ఉప్పదనాన్ని పీపీటీల్లో చెబుతారు. స్థూలంగా, లీటరు నీటిలో ఎన్ని గ్రాముల లవణాలుంటే అన్ని పీపీటీలు. సముద్రం సుమారు 35. మంచినీళ్లు సున్నాకు దగ్గర. ఏరు సముద్రంలో కలిసేచోట నీళ్లు ఈ రెంటి మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, ఆటుపోట్లను బట్టి పూటపూటకూ మారవచ్చు. కొల్లేటిని బంగాళాఖాతంతో కలిపే ఉప్పుటేరు, పులికాట్ సరస్సు ఇలాంటి నీటికి మనకు దగ్గరి ఉదాహరణలు.

షాపుల్లో ఎర్రగా, పసుపుగా, నీలంగా మెరిసే చెర్రీ రొయ్యలు పుట్టుక నుంచి చావుదాకా మంచినీటివే. గుడ్డులోంచి నేరుగా చిట్టి రొయ్యగానే బయటికొస్తాయి, లార్వా దశ అంటూ విడిగా ఉండదు. కాస్త ఉప్పును ఓర్చుకుంటాయి గానీ అందువల్ల వాటికి కలిసొచ్చేదేమీ లేదు. రాయి ఉప్పు వేస్తే జబ్బులు రావన్న సలహా విని వీటి తొట్టిని ఉప్పు తొట్టిగా మార్చడం వాటికి అనవసరపు కష్టం.

రెండో రకానికి ఉప్పు చిన్నతనంలోనే కావాలి. నీలకంఠ రొయ్య తెలుగువాళ్లకు బాగా తెలిసినదే. నదుల్లో, కాలువల్లో, మంచినీటిలో పెరుగుతుంది. గుడ్లు మోసే తల్లి మాత్రం ఉప్పు తగిలే ముఖద్వారాల వైపు దిగుతుంది. లార్వాలు 12 నుంచి 15 పీపీటీ నీటిలో 11 దశలు దాటి, నెల అటూఇటూగా పిల్ల రొయ్యలై మళ్లీ పైకి ఎదురీదుతాయి. మగది అడుగు పొడవు దాకా పెరుగుతుంది కనుక గాజు తొట్టి మాట ఎత్తకూడదు. అక్వేరియంలో నాచు తినడానికి పెంచే అమానో రొయ్యది కూడా ఇదే దారి. పెద్దవి మంచినీటిలో ఉంటాయి, లార్వాలకు మాత్రం దాదాపు సముద్రమంత ఉప్పు కావాలి. అమానో పిల్లల్ని చేయడం సరదా పనే అయినా, దానికి కంటికి కనిపించని నాచును విడిగా పెంచి మేపాలి. మొదటి తొట్టికి అది తగిన పని కాదు.

జీవితమంతా ఉప్పు తగ్గిన నీటిలోనే ఉండి, చిన్న తొట్టికి సరిపోయేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాటిలో కొత్తవారికి అన్నివిధాలా నప్పేది హవాయి ఎర్ర రొయ్య. అక్కడివాళ్లు ఓపే ఊలా అంటారు, శాస్త్రీయ నామం హాలోకారిడినా రూబ్రా. గట్టిపడిన లావా పొరల మధ్య, సముద్రానికి పైనుంచి దారిలేని చిన్న గుంటల్లో ఉంటుంది. రాతి పగుళ్ల గుండా భూమి లోపలి నుంచి ఉప్పునీరు, మంచినీరు రెండూ వచ్చి ఆ గుంటల్లో కలుస్తాయి. ఆ జాగాలో నీటి ఉప్పదనం నిలకడగా ఉండదు కనుక, రెండు పీపీటీల నుంచి సముద్రపు నీటిదాకా తట్టుకునే శరీరం దానికి ఏర్పడింది. ఇంటి తొట్టికి ఆ మధ్యలో 15 పీపీటీ పెట్టుకుంటే చాలు. పొడవు సెంటీమీటరుకు కాస్త పైన. బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతుంది. అంత చిన్న రొయ్యకు అంత ఆయుష్షు అరుదు. తల్లి మోసేది పది పన్నెండు గుడ్లే. వాటిలోంచి వచ్చే లార్వాలు తమలోని సొనతోనే గడిపేస్తాయి కనుక విడిగా మేత పెట్టనక్కర్లేదు.

దీన్ని మూసేసిన గాజు గోళంలో నాచుతో సహా పెట్టి, ఏమీ చేయనక్కర్లేని సొంత ప్రపంచం అంటూ అమ్మడం విదేశాల్లో చాలాకాలంగా ఉంది. ఆ గోళంలో రొయ్య కొన్నేళ్లు బతకవచ్చు. మూత లేని తొట్టిలో అదే రొయ్య సంతతి పెంచుకుంటుంది, గోళంలో ఆ సంగతి దాదాపు కనిపించదు. తెరిచిన తొట్టికి పడే శ్రమ వారానికి పది నిమిషాలు. దానికోసం జీవిని బంధించి ఉంచడం సమంజసం అనిపించదు.

ఈ రొయ్య ఏ షాపులో పడితే ఆ షాపులో దొరికేది కాదు. ఎర్రగా ఉన్న ప్రతి చిన్న రొయ్యనూ ఆ పేరుతో అంటగట్టే అవకాశం ఉంది కనుక, కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, మీ తొట్టిలో సెలినిటీ, అంటే ఉప్పదనం, ఎంత అని. మంచినీళ్లే అని జవాబు వస్తే అది చాలావరకు చెర్రీ రొయ్యే.

కల్లుప్పు ఎందుకు చాలదు

కిరాణా కొట్టులో కల్లుప్పు సముద్రం నుంచే వస్తుంది కదా, అదే కలిపితే సరి కదా అన్న సందేహం న్యాయమైనదే. జవాబు ఉప్పు మళ్లలో దొరుకుతుంది. నౌపడాలోనో చిన్నగంజాంలోనో సముద్రపు నీటిని మళ్లకు పెట్టి ఎండబెడతారు. నీరు చిక్కబడే కొద్దీ ముందుగా సున్నపు లవణాలు, జిప్సం అడుగుకు చేరతాయి. ఆ తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం ఎక్కువగా ఉన్న చేదు నీరు పైన మిగిలిపోతే దాన్ని తోడి పారబోస్తారు. వంటకు కావలసింది సోడియం క్లోరైడ్ కనుక వేరే పద్ధతి ఉండదు. సముద్రపు లవణాల్లో సోడియం, క్లోరైడ్ కలిసి దాదాపు 86 శాతం. వంట ఉప్పులో లేనిది ఆ మిగిలిన 14 శాతమే.

రొయ్యకు కీలకం ఆ 14 శాతమే. గుల్ల విడిచాక కొత్త గుల్ల గట్టిపడటానికి కాల్షియం, మెగ్నీషియం చాలావరకు నీటిలోంచే లాగుకోవాలి. మొప్పల దగ్గర లవణాలను లోపలికీ బయటికీ తోసే ప్రక్రియకు పొటాషియం కావాలి. తక్కువ ఉప్పున్న బోరు నీటిలో వనామీ పెంచే రైతులు మినరల్స్ సంచులు కొని చల్లేది ఇందుకే. వంట ఉప్పుతో 15 పీపీటీ తెచ్చిన నీరు కొలిచే పరికరానికి సరిగ్గానే కనిపిస్తుంది, రొయ్య మాత్రం గుల్ల విడిచే రోజున చచ్చిపోతుంది.

కనుక సముద్రపు చేపల తొట్టెల కోసం అమ్మే మెరైన్ సాల్ట్ తప్పదు. 35 పీపీటీకి లీటరుకు సుమారు 37 గ్రాములు పడుతుంది, ఆ లెక్కన 15 పీపీటీకి 16 గ్రాములు. 20 లీటర్ల తొట్టికి 320 గ్రాములు, అంటే కిలో డబ్బాలో మూడో వంతు కూడా కాదు. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. డబ్బాను కలియబెట్టి తీయాలి, ఎందుకంటే గింజ పరిమాణం వేరువేరుగా ఉన్న లవణాలు కదలికకు విడిపోతుంటాయి. వానాకాలంలో మూత వదులుగా ఉంటే గాలిలో తేమకు గడ్డకట్టి, తూకం తప్పు చూపిస్తుంది.

ఉప్పు కలిపే నీటి విషయంలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు ఒక చిక్కు ఉంది. సంపులో చేరేది ఒకరోజు మంజీరా, ఒకరోజు కృష్ణా, మధ్యలో బోరు, వేసవిలో ట్యాంకర్. మునిసిపల్ నీటిలో క్లోరిన్ ఉంటుంది, షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు దాన్ని విరిచేస్తాయి. బోరు నీరు నాలుకకు ఉప్పగా తగిలినా అది ఒకటి రెండు పీపీటీలు కూడా ఉండదు, అందులో ఏమేమి ఉన్నాయో వీధి వీధికీ మారుతుంది. అందుకే ఇంటి ఆర్వో నీరే మేలు. ఖనిజాలన్నీ ఉప్పు డబ్బా నుంచే వస్తాయి కనుక నీరు ఖాళీగా ఉన్నంత మంచిది. ఒక్కటి చూసుకోవాలి. ఆరోగ్యానికి మంచిదంటూ నీటిలోకి రాగి వదిలే ప్యూరిఫయర్లు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. మనిషికి ఏమో గానీ, రొయ్య జాతికి రాగి విషం. రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు, రాగి కలిసిన చేపల మందులు కూడా ఆ దరిదాపుల్లోకి రాకూడదు.

కొలత, గీత

నీటిలో కరిగిన లవణాలెన్నో చూపే, ఆర్వో నీటికి వాడే టీడీఎస్ పెన్ను ఈ తొట్టికి పనికిరాదు. మామూలుగా దొరికే రకం 9,990 పీపీఎం (పీపీటీలో వెయ్యో వంతు) దగ్గర ఆగిపోతుంది, 15 పీపీటీ అంటే 15,000 పీపీఎం. ఒక్క నీటి చుక్కతో ఉప్పదనం చెప్పే, రొయ్యల రైతుల దగ్గర ఉండే రిఫ్రాక్టోమీటర్ ఒక్కటి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నాకు సరిచేసుకుని, తర్వాత తొట్టి నీరు చూడాలి. నీటి సాంద్రతను చూపే హైడ్రోమీటర్‌తో చూస్తే 15 పీపీటీకి రీడింగ్ 1.011 దగ్గర ఉంటుంది. దాని ముల్లుకు గాలి బుడగ అంటుకుంటే అంకె పెరిగిపోయి కనిపిస్తుంది.

కొత్తవాళ్ల తొట్టి ఎక్కువగా పాడయ్యేది నీరు తగ్గినప్పుడు తిరిగి నింపే దగ్గర. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న తొట్టిలో నీటిమట్టం నాలుగు సెంటీమీటర్లు దిగితే 3.6 లీటర్లు పోయినట్టు. 20 లీటర్లు, 15 పీపీటీ ఉన్న తొట్టిలో మిగిలిన నీరు 18 పీపీటీ దాటుతుంది. అక్కడ మంచినీళ్లు పోస్తే మళ్లీ 15కు వస్తుంది. కానీ ఉప్పు తొట్టి కదా అని చాలామంది ఉప్పు కలిపిన నీళ్లే పోస్తారు. ప్రతిసారీ 54 గ్రాముల ఉప్పు అదనంగా చేరుతుంది. నాలుగుసార్లు ఇలాగే చేస్తే తొట్టి 26 పీపీటీకి చేరుతుంది. నీరు అలాగే తేటగా ఉంటుంది, పైకి ఏ తేడా కనిపించదు.

విరుగుడు కొలిచే పరికరం కంటే చవక. తొట్టి నింపిన రోజున గాజు మీద మార్కర్‌తో ఒక గీత గీయాలి. నీరు గీతకు దిగువన ఉంటే ఉప్పు లేని ఆర్వో నీరు గీత వరకూ పోయాలి, ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా. ఉప్పు నీరు పోసేది, పాత నీరు కొంత తీసి పారేసినప్పుడే. ఆ తీసిన నీటిని కుండీల్లో పోయకూడదు. మంచినీటి తొట్టి నీళ్లు మొక్కలకు ఎరువు, ఈ నీళ్లు మాత్రం తులసి మొక్కను కూడా మాడ్చేస్తాయి. బాత్రూమ్ తూములో పోసేయడమే. అంచుల్లో తెల్లగా పేరుకునే ఉప్పును తడిగుడ్డతో తుడవాలి. ఇనుప స్టాండు, స్టీలు క్లిప్పు త్వరగా తుప్పు పడతాయి. కరెంటు తీగ ప్లగ్గుకు దిగువకు వేలాడి మళ్లీ పైకెళ్లేలా వదిలితే ఉప్పు చుక్క ప్లగ్గు దాకా పాకదు.

లోపల ఏముండాలి

తక్కువ ఉంటే ఎక్కువ బాగుంటుంది. 12 లీటర్ల తొట్టిలో కూడా ఈ రొయ్యలు పెరుగుతాయి, కానీ 20 నుంచి 30 లీటర్లు ఉంటే వేడి, ఉప్పు నెమ్మదిగా మారతాయి, సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. 15, 20 రొయ్యలతో మొదలుపెట్టవచ్చు. ఈ సంఖ్యకు ఫిల్టర్, హీటర్ అక్కర్లేదు. గాలి పంపు పెట్టాలనిపిస్తే స్పాంజి ఫిల్టర్ మెల్లగా బుడగలు వదిలేలా పెట్టుకోవచ్చు. చేపలు వద్దు, ఎంత చిన్నవైనా.

అడుగున పగడపు ఇసుక పలచగా. దాని మీద కన్నాలున్న లావా రాయి, ఎందుకంటే దాగే చోటు లేకపోతే ఈ రొయ్య రంగు పోయి పాలిపోతుంది. నగరం చుట్టూ కావలసినంత గ్రానైట్ ఉంది. అది నీటికి హాని చేయదు గానీ నున్నగా, కన్నాలు లేకుండా ఉంటుంది. పాత ఇళ్ల గచ్చుకు వేసిన తాండూరు బండ సున్నపురాయి కాబట్టి, పాలిష్, రసాయనం తగలని ముక్క బాగా కడిగి పెడితే తప్పులేదు. అది పీహెచ్‌ను, అంటే నీరు ఆమ్లమో క్షారమో చెప్పే అంకెను, అమాంతం మార్చేయదు. నీరు ఆమ్లం వైపు జారినప్పుడు మాత్రం కరిగి కొంత ఆపుతుంది.

పచ్చదనం కోసం తీగలా అల్లుకునే కీటోమార్ఫా అనే సముద్రపు నాచు ఒక గుప్పెడు చాలు. జావా మాస్ లాంటి మంచినీటి మొక్కలు 15 పీపీటీ దగ్గర కుళ్లిపోతాయి. మడ మొక్క పెట్టాలన్న ఆశ చాలామందిని వదలదు. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవికి వెళ్లినప్పుడు విత్తు ఏరుకొచ్చే ఆలోచన మానుకోవాలి, అది 1978 నుంచి అభయారణ్యం.

నీరు, ఉప్పు, రాయి పెట్టిన మర్నాడే రొయ్యల్ని వేయడానికి లేదు. కుళ్లే ప్రతి మేత కణం నుంచీ అమ్మోనియా వస్తుంది. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మంచినీటిలో పెంచిన బాక్టీరియా ఉప్పు పెరగగానే వెనకబడిపోతుంది కనుక, మొదటిరోజు నుంచే 15 పీపీటీలో మొదలుపెట్టాలి. అమ్మోనియా విషయంలో ఉప్పు తొట్టికి ఒక ప్రతికూలత ఉంది. పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో నేరుగా విషమయ్యే భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. ఉప్పు తొట్టిలో మామూలైన పీహెచ్ 8.2, వేడి 28 డిగ్రీలు ఉంటే అది సుమారు పదో వంతుకు చేరుతుంది. నైట్రైట్ దగ్గర మాత్రం ఉప్పే కాపాడుతుంది, నీటిలోని క్లోరైడ్ మొప్పల దగ్గర దానికి అడ్డుపడుతుంది. అందుకే పరీక్ష కిట్ కొనేటప్పుడు ఉప్పునీటికి కూడా పనికొచ్చేదా అని చూసి, డబ్బులు అమ్మోనియా కిట్ మీదే ముందు పెట్టాలి.

ఆరు వారాల తర్వాత కూడా ఇంకొన్నాళ్లు ఆగితే మంచిది. రాళ్ల మీద సన్నని జారుడు పొర, కాస్త పచ్చి నాచు పట్టాలి. ఈ రొయ్యల అసలు తిండి అదే. అవి బాగా కుదురుకున్న తొట్టిలో పది పదిహేను రోజులకోసారి చిటికెడులో చిటికెడు స్పిరులినా నాచు పొడి వేస్తే సరిపోతుంది. పాపం ఆకలేస్తుందేమో అన్న జాలితో రోజూ మేత వేసే చేయి, ఏ రోగం కంటే ఎక్కువ రొయ్యల్ని చంపుతుంది.

వేసవి, దోమలు

ఈ రొయ్యకు 20 నుంచి 26 డిగ్రీలు హాయి. 30 దాకా ఓర్చుకుంటుంది. హైదరాబాద్‌లో మే నెల పగలు 40 దాటడం మామూలే. పడమటి గోడకు ఆనుకున్న గదిలో తొట్టి నీరు 33, 34కు చేరడానికి ఎన్నో రోజులు పట్టదు. నీరు వేడెక్కేకొద్దీ అందులో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 8.2 మిల్లీగ్రాములు పడితే, 32 డిగ్రీల దగ్గర 7.3. ఉప్పు ఉంటే ఇంకా తక్కువ. నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉండటం వల్ల మరికొంత కోత పడుతుంది.

ఏసీ గదిలో పెట్టడం ఒక దారి. అది లేని ఇంట్లో తొట్టి మూత తీసి నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాన్ గాలి తగిలిస్తే మూడు నాలుగు డిగ్రీలు దించవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కనుక ఇది బాగా పనిచేస్తుంది. జూలైలో తేమ పెరిగాక అంతగా పనిచేయదు, అప్పటికి అవసరమూ తగ్గుతుంది. ఫ్యాన్ పెట్టిన రోజుల్లో ఆవిరి రెట్టింపవుతుంది కాబట్టి, గాజు మీది గీతను రోజూ చూడాల్సింది ఆ నెలల్లోనే. మంచుగడ్డలు వేయడం మాత్రం వద్దు. వేడి తగ్గుతుంది, దాంతోపాటు ఉప్పూ ఒక్కసారిగా పడిపోతుంది. తప్పనిసరైతే గడ్డకట్టించిన సీసాను మూత బిగించి తేలేయవచ్చు.

వానలు మొదలయ్యాక వచ్చే ముప్పు వేరు. దోమల కోసం వాడే ప్లగ్ లిక్విడ్లు, స్ప్రేలు, కాయిల్స్‌లో ఎక్కువగా ఉండేది పైరెత్రాయిడ్ జాతి పురుగుమందు. మనిషి గదిలో ఉండగా వాడుకోదగ్గ మోతాదు కూడా రొయ్యకు ప్రాణాంతకం కావచ్చు, ఎందుకంటే రొయ్య శరీరం పురుగుల శరీరానికి చాలా దగ్గరి చుట్టం. డెంగీ భయం ఉన్న ఊళ్లో దోమల మందు మానేయమనడం తగని సలహా. తొట్టి ఉన్న గదిలో దోమతెర, కిటికీ జాలీ వాడి, మందు వేరే గదిలో పెట్టుకోవచ్చు. వీధిలోకి ఫాగింగ్ బండి వచ్చిన చప్పుడు వినగానే కిటికీలు మూసి, గాలి పంపు ఆపి, తొట్టి మీద ప్లాస్టిక్ కవర్ కప్పి గంటసేపు ఉంచాలి. చేతికి ఓడోమాస్ లాంటి క్రీమ్ రాసుకుని తొట్టిలో చేయి పెట్టకూడదు.

వీటన్నిటినీ బట్టి చూస్తే హైదరాబాద్‌లో ఈ తొట్టికి తగిన క్యాలెండర్ ఒకటి తేలుతుంది. జూలై, ఆగస్టుల్లో నీరు కలిపి, రాళ్లు పేర్చి, బాక్టీరియాకు వదిలేయాలి. దసరా, దీపావళి దాటాక, అంటే అక్టోబరు, నవంబరులో రొయ్యల్ని తెప్పించుకోవాలి. అప్పటికి కొరియర్ డబ్బా ఎండలో ఉడికే ప్రమాదం ఉండదు. చలికాలంలో కూడా ఇళ్లలో 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది కనుక హీటర్ కొనే పని లేదు. వచ్చిన రొయ్యల్ని సన్నని గొట్టంతో చుక్కచుక్కగా తొట్టి నీరు కలుపుతూ రెండు మూడు గంటల్లో అలవాటు చేసి వదలాలి. మొదటి పదిహేను రోజులు రాళ్ల వెనకే దాక్కుంటాయి, చచ్చిపోయాయేమోనని రాళ్లు కదిపి వెతకకూడదు. మార్చికల్లా నాలుగైదు నెలలు కుదురుగా గడిచి ఉంటాయి, ఫ్యాన్ అప్పటికి కొంటే సరిపోతుంది.